బొటనవేలి పట్టు

షైనికి అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే. తన కూతురు హెప్సి తన చేతిలోంచే జారి పడిపోతుందని.

మిగతా భయాలు లేవని కాదు. తూంకుంటలో ఉంటూ కరీంనగర్ రోడ్డు దాటే ఏ తల్లికైనా లారీల భయం ఉంటుంది, వీధికుక్కల భయం ఉంటుంది, వానాకాలం జ్వరాల భయం ఉంటుంది. అవన్నీ బయటి నుంచి వచ్చేవి. తలుపు వేసుకుంటే కాసేపు ఆగుతాయి. ఈ భయం మాత్రం తలుపు లోపలే, ఆమె కుడిచేతికే అంటుకుని ఉంది. బొటనవేలిలో.

హెప్సి కడుపులో ఉండగా, ఇంకొన్ని రోజుల్లో నెలలు నిండుతాయనగా, షైని బాత్రూంలో కాలు జారి చేయి ఆనించి పడింది. కడుపుకు ఏమీ కాలేదు, దేవుడి దయ అన్నారు అందరూ. బొటనవేలి ఎముక మాత్రం విరిగింది. పిండికట్టు ఉండగానే కాన్పు అయింది. బిడ్డను మొదట ఒడిలోకి తీసుకున్నది అత్తమ్మ రాహేలు. షైని కట్టు వేసిన చేతిని పొట్ట మీద పెట్టుకుని, పక్కమంచం మీది వాళ్లు చూసినట్టే తానూ దూరం నుంచి చూసింది.

కట్టు విప్పాక ఆ వేలు తనది కాదన్నట్టుంది. సన్నబడింది, పాలిపోయింది, చెప్పిన మాట వినదు. ఎముక అతికింది, ఇక పని చేయించి బలం తెచ్చుకోవాలి, మెత్తటి బంతి పిసుకు తల్లీ అని ఆసుపత్రిలో చెప్పారు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో బంతి పిసుక్కుంటూ కూర్చునే తీరిక ఎవరికుంది? ముందు స్టీలు గ్లాసు జారింది. తర్వాత ఉప్పు డబ్బా. ఒకరోజు కాచిన పాలగిన్నె. పాలు గచ్చంతా పారుతుంటే షైని పాలను చూడలేదు. గోడవారగా బోర్లా పడుకుని నిద్రపోతున్న హెప్సిని చూసింది.

ఆ రోజు నుంచి ఆమె పిల్లను ఎత్తుకుని మెట్లు దిగలేదు.

వాళ్లది రెండో అంతస్తు. మెట్లకు ఒకవైపు గోడ ఉంది. ఇంకోవైపు ఇంటి ఓనరు పిట్టగోడ కట్టిస్తానని చెప్పి, ప్రస్తుతానికని ఇనుప కడ్డీలు పెట్టి వదిలేశాడు. కడ్డీకీ కడ్డీకీ మధ్య ఒక పిల్ల దూరిపోయేంత ఖాళీ. ఇంట్లో, చాప మీద కూర్చుని, షైని హెప్సిని ఎంతసేపైనా ఆడిస్తుంది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "నడుం వట్టింది అత్తమ్మా, జర నువ్వే తీస్కపో" అంటుంది.

"గీ వయసుల నడుం నొప్పేందే?" అంటాడు భర్త జోయెల్. మేడ్చల్ గోదాముల నుంచి సరుకు వేసుకుని ఊళ్లు తిరిగే వ్యాను డ్రైవరు అతను. "మా అమ్మను సూడు. ద్రాక్షతోటల్ల ఎండకు ఎండి వానకు తడిసి పనిజేసింది. ఇప్పటికీ పిల్లను సంకలేసుకుని గుర్రం లెక్క దిగుతది."

ఆ మాట షైనికి ముల్లులా గుచ్చుకునేది. అత్తమ్మ గుర్రమే, కాదనలేం. కానీ దొరసాని గుర్రం. పిల్లను అందిస్తే ఏనాడూ చేయి చాపి అందుకోదు. "సంకల పెట్టు" అని నడుము ఒకపక్కకు వంచి నిలబడుతుంది. కోడలే వచ్చి, పిల్ల కాళ్లు రెండుపక్కలా సర్ది, కొంగు కిందికి లాగి, సంకలో కూర్చోబెట్టాలి. అప్పుడు ఆమె మోచేతిని పిల్ల వీపు చుట్టూ వేసి బయల్దేరుతుంది. 'చేయి చాపితే ఆమె సొమ్మేం పోతుందో' అనుకునేది షైని. పైకి అనేది కాదు. తన చేతి సంగతి అత్తమ్మకు తెలిస్తే, "తల్లికే చాతగాదు, పిల్లను నాకిచ్చి నువ్వు పండుకో" అనే మాట వస్తుంది. ఆ ఒక్క మాట రాకూడదు.

ఆ ఇంటి కింది అంతస్తులో రవీందర్ నడిపే 'ఉక్కు పిడికిలి జిమ్' ఉంది. పొద్దుటి కుర్రాళ్లు వెళ్లిపోయాక ఊడ్చి, తడిగుడ్డ పెట్టడం షైని పని. తొమ్మిదో తరగతి మధ్యలో ఆగిపోయిన చదువుకు ఇంటికింద దొరికిన పని అదే. ఆ వేళకు రాహేలు హెప్సిని దించుకొచ్చి, గుమ్మం పక్కన రబ్బరు చాప మీద కూర్చోబెట్టి, తాను బయట అరుగు మీద ముచ్చట్లకు కూర్చునేది.

జిమ్‌లో ఒక మూల రెండు డంబెళ్లు ఉంటాయి. రవీందర్ మేడ్చల్‌లో తెలిసిన వెల్డింగ్ షాపులో చెప్పి చేయించినవి. మామూలు డంబెల్ పిడి పిడికిలిలో ఇమిడిపోతుంది. వీటి పిడి మాత్రం మురుగునీటి పైపంత లావు. పెద్దదాని పేరు పటేల్. ఎవరొచ్చినా కూర్చున్న చోటి నుంచి లేవడు కాబట్టి. చిన్నదాని పేరు పట్వారీ. బాగా బతిమాలితే లేస్తాడు.

ఆ రోజు సుజిత్ అనే కుర్రాడు ఆలస్యంగా వచ్చాడు. పేట్ బషీరాబాద్‌లో ఉంటాడు, కంప్యూటర్ ఉద్యోగం, చొక్కా చేతులు చిరిగేంత కండలు. పటేల్ ముందు వంగి, రెండు కాళ్లూ నిగడదన్ని లాగాడు. పటేల్ కొంచెం దొర్లి, మళ్లీ సుఖంగా కూర్చున్నాడు.

"రవన్నా, గింత బరువు నేను రోజు గుంజుతున్న. గీడు లేస్తలేడేంది?"

"గీడు గాదు. పటేల్ అను. మర్యాద."

"పటేల్ సాబ్ ఎందుకు లేస్తలేడు మరి?"

"నీ చేతిల నాలుగు వేళ్లే పని జేస్తున్నయ్. ఐదోది పెండ్లికొచ్చిన సుట్టం లెక్క పక్కకు కూసుంది." రవీందర్ తన లావాటి చేతిని గాల్లో గుండ్రంగా మూసి చూపించాడు. "సన్న పిడి అయితే వేళ్లు సుట్టు తిరిగొస్తయ్, బొటనేలు వచ్చి వాటి మీద కూసుంటది. తాళం వడ్తది. లావు పిడికి వేళ్లు, బొటనేలు కలువయ్. తాళం వడది. అది దొర్లుకుంట బయటికి పోతాంటే ఆపేది బొటనేలు ఒక్కటే. నువ్వు చేతులు పెంచినవ్, రొమ్ము పెంచినవ్, గీ ఒక్కదాన్ని ఉపాసం పెట్టినవ్."

తడిగుడ్డ పెడుతున్న షైని చేయి ఆగిపోయింది. జారిపోయేదాన్ని ఆపేది బొటనవేలు ఒక్కటే. ఆమెకు హెప్సిని ఎత్తడం కళ్లకు కట్టింది. చంకల కింద చేతులు పెట్టినప్పుడు నాలుగు వేళ్లూ వీపు మీదికి పోతాయి, బొటనవేలు ఒక్కటే ముందు గుండె మీద ఉంటుంది. అవి కలుసుకోవు. తాళం పడదు.

మర్నాడు జిమ్ ఖాళీ అయ్యాక ఆమె పట్వారీ పక్కన కూర్చుని పిడి మీద చేయి వేసింది. హెప్సికి రెండింతల బరువుంటుందేమో. లాగింది. పట్వారీ వేళ్లలోంచి మెల్లగా, నవ్వుతున్నట్టు, దొర్లి వెళ్లి బకెట్‌కు తగిలాడు.

"ఏం చెల్లె, పట్వారీతోని ఏం పని వడ్డది?" రవీందర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "భూమి గిట్ల ఉన్నదా పట్టా జేపిచ్చుకునేతందుకు?"

"ఊకెనే అన్నా. సూస్తున్న."

"ఊకెనే సూసేటోళ్లకు గట్ల చెమట వట్టది."

షైని లేచి చీపురు అందుకుంది. కానీ కాళ్లు కదల్లేదు. "అన్నా, బొటనేలుకు బలం ఎట్లొస్తది?"

రవీందర్ ఎందుకని అడగలేదు. అతని దగ్గరికి వచ్చేవాళ్లలో ఎందుకో చెప్పే రకం తక్కువ. రెండు చిన్న ఇనుప ప్లేట్లు తెచ్చి, నున్నటి వైపులు బయటికి ఉండేలా జోడించి, వాటిని ఒక పక్క బొటనవేలితో, ఇంకోపక్క నాలుగు వేళ్లతో నొక్కి పట్టి లేపాడు. "గిచ్చినట్టు గాదు, నొక్కినట్టు. వేళ్లు సాపుగ ఉండాలె. పట్టి నిలవడు. కొంచెం వణుకుతాంది అన్నప్పుడు కింద పెట్టు, జారేదాక ఆగకు." సన్నటి డంబెల్ పిడికి తువ్వాలు చుట్టి లావు చేసి ఇచ్చాడు. బకెట్‌లో బియ్యం పోసి, అందులో చేయి ముంచి వేళ్లు ముడిచి తెరవమన్నాడు. కూరగాయలకు కట్టే రబ్బరు బ్యాండు ఐదు వేళ్ల కొసలకూ వేసి, దాన్ని సాగదీస్తూ తెరవమన్నాడు. "మూసుడొక్కటే నేర్పితే చెయ్యి ముడుసుకపోతది. తెరుసుడు గూడ నేర్పాలె."

అన్నీ చెప్పి, ఆఖరున వేలు చూపించి మరీ చెప్పాడు. "ఒకరోజు జేస్తే ఒకరోజు ఇడువాలె. చెయ్యి వనిజేసినప్పుడు పెరగది, పండుకున్నప్పుడు పెరుగుతది."

షైని అన్నీ గుర్తు పెట్టుకుంది, ఆ ఆఖరి మాట తప్ప.

విడిచిపెట్టడం ఎలా? పిల్ల ఆగుతుందా? హెప్సి పాకడం మొదలుపెట్టింది, గోడ పట్టుకుని నిలబడుతోంది, అన్నం తింటోంది, పూటపూటకూ బరువెక్కుతోంది. తన వేలు ఒకరోజు పడుకుంటే ఆ రోజు పిల్ల ముందుకు వెళ్లిపోతుంది. షైనికి ఇంట్లో కాలు నిలవకుండా అయింది. పీట కనిపిస్తే పీట నొక్కి పట్టింది. పప్పు డబ్బా, ఇటుక, చపాతీ కర్ర, మడిచిన గోనెసంచి, దేన్నీ వదల్లేదు. అన్నం ఉడికే లోపల బియ్యం బకెట్‌లో చేయి. హెప్సి నిద్రపోతే రబ్బరు బ్యాండు. కానీ జిమ్‌లో ప్లేట్లంత మందం, అంత నునుపు ఉన్న వస్తువు ఇంట్లో దొరకలేదు.

చివరికి దొరికింది. చనిపోయిన మామ సాలోమోను చదువుకున్న పెద్దక్షరాల బైబిలు. నల్లటి అట్ట, అరిగి అరిగి నున్నబడింది. బరువు సరిగ్గా, మందం సరిగ్గా. షైని దాని వీపు వైపు బొటనవేలితోనూ వేళ్లతోనూ నొక్కి పట్టుకుని, పొయ్యి నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి తలుపు దాకా, తలుపు నుంచి మళ్లీ పొయ్యి దాకా తిరిగేది. ఎన్ని అంకెలు లెక్కపెట్టే దాకా వేలు నిలుస్తుందో చూసుకోవడానికి పెదవుల్లోనే లెక్కపెట్టేది.

రాహేలు అది చూసింది. ఆమెకు దూరపు చూపు అంతంతమాత్రం. కోడలు చేతిలో పరిశుద్ధ గ్రంథం, నడుస్తూ, పెదవులు కదుపుతూ! రాహేలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అడిగి ఆ ధ్యానాన్ని పాడుచేయకూడదనుకుంది. ఆదివారం చర్చిలో మాత్రం ఆగలేకపోయింది.

"మా కోడలు దినమంత వాక్యం ఇడుస్తలేదు పాస్టరమ్మా. పొయ్యికాడ గూడ చేతులనే. నేను సుత గట్ల జేయలే ఎన్నడు."

పాస్టరమ్మ షైని తలమీద చేయి వేసింది. "శుక్రవారం స్త్రీల కూడికల నువ్వే సాక్ష్యం చెప్పాలె బిడ్డా. వాక్యం నీ బతుకుల ఏం మార్చిందో."

కాదంటే ఎందుకు కాదంటున్నావని అడుగుతారు. "సరే పాస్టరమ్మా" అంది.

ఆ వారం బొటనవేలి మొదట్లో వాపు వచ్చింది. వేలు కదిపితే మణికట్టు దాకా సూదితో కుట్టినట్టు ఉంది. అయినా ప్లేట్లు పట్టుకుంది. వెంటనే జారి రబ్బరు చాప మీద పడ్డాయి. రవీందర్ వచ్చి ఆమె చేయి చూసి, పళ్లు కొరికాడు.

"నేనేం జెప్పిన? నువ్వేం జేసినవ్?"

"జల్దీ రావాలె అన్నా."

"ఎటు వోతవ్ జల్దీ? రైలు వోతాందా?"

"పిల్ల పెరుగుతాందన్నా." మాట నోట్లోంచి జారిపోయాక షైని నాలిక కరుచుకుంది.

రవీందర్ గుమ్మం దగ్గర ఆడుకుంటున్న హెప్సి వైపు చూశాడు. షైని చేయి వైపు చూశాడు. మెట్ల దాకా పిల్లను తెచ్చి అక్కడ అత్తకు అప్పగించే ఈమెను అతను ఎన్నాళ్లుగానో చూస్తూనే ఉన్నాడు. గొంతు తగ్గించాడు. "నేను జెప్పేదాక ఇనుము ముట్టకు చెల్లె. ఐసు పెట్టు. వాపు తగ్గకుంటే డాక్టర్‌కు సూపెట్టు. మొండికేస్తే ఉన్న పట్టు గూడ పోతది."

శుక్రవారం వచ్చింది. ఏం సాక్ష్యం చెప్పాలో తెలియక షైని పొద్దుటి నుంచి గిన్నెలే మళ్లీ మళ్లీ తోమింది. సాయంత్రం హెప్సికి గౌను వేసి, జుట్టుకు పిలక కట్టి, ఎప్పటిలాగే మెట్ల దగ్గర అత్తమ్మ సంకలో కూర్చోబెట్టింది. బైబిలు చేతిలోకి తీసుకుని ముందు తాను దిగింది. వాచిన చేయి అలవాటు కొద్దీ దాన్ని వీపు వైపు నుంచే పట్టుకుంది.

సగం మెట్లు దిగారు. కింద జిమ్‌లో ఎవరో పాట పెట్టారు. ధన్ ధన్‌మని డప్పు మోగింది. హెప్సికి డప్పు వినిపిస్తే ఒళ్లు నిలవదు. ఒక్కసారిగా వెనక్కి విరుచుకుని, కడ్డీల వైపు ఒరిగింది. రాహేలు మోచేయి పిల్ల వీపు మీంచి జారింది. ఇక పట్టుకోవలసింది చేయి. ఆ చేయి పిల్ల గౌనును అందుకుంది, మూసుకుంది, మళ్లీ తెరుచుకుపోయింది.

"షైనీ!"

షైని తిరిగింది. బైబిలు వదిలేసింది. అది మెట్టు మెట్టుకూ తగులుతూ కిందికి పోయింది. ఆమె కుడిచేయి పిల్ల చంక కిందికి వెళ్లింది. నాలుగు వేళ్లు వీపు మీద, బొటనవేలు గుండె మీద. వేళ్లు కలుసుకోలేదు. పిల్ల బరువంతా ఆ వేలి మీదికి దొర్లుకుంటూ వచ్చింది. నిప్పు పెట్టినట్టు మండింది. వణికింది. షైని కళ్లు మూసుకుని నొక్కింది. ఎడమచేయి వచ్చి రెండో చంక పట్టుకునే దాకా ఆ వేలు తెరుచుకోలేదు. అంతే, అంతసేపే. తర్వాత పిల్లను గుండెకు అదుముకుని గోడవైపు మెట్టు మీద కూలబడింది.

హెప్సి ముందు బిత్తరపోయి చూసి, తర్వాత ఆరున్నొక్క రాగం అందుకుంది.

రాహేలు పై మెట్టు మీదే కూర్చుండిపోయింది. తన కుడి అరచేతిని ఒళ్లో పెట్టుకుని, ఇంకెవరిదో అన్నట్టు చూస్తోంది. షైనికి ఆ చూపు తెలుసు. పిండికట్టు విప్పిన రోజు తాను అలాగే చూసింది.

"అత్తమ్మా, చేయికేమైంది?"

"పట్టు లేదే బిడ్డా." అంది రాహేలు. "శాన దినాల సంది లేదు. శామీర్‌పేట దిక్కు ద్రాక్షతోటలు ఉన్నప్పుడు పొద్దుగూకేదాక కత్తెర ఆడిచ్చుడేనాయె. కొమ్మ కత్తిరించు, గెల కత్తిరించు. బొటనేలు అరిగిపాయె. తోటలు పోయి ప్లాట్లయినయ్. నొప్పి మాత్రం ప్లాటు గాలే, గిండ్లనే ఉన్నది."

"మరి సంకల పెట్టు, సంకల పెట్టు అని..."

"చేతులు సాపితే తెలిసిపోతది గదా. సంకలైతే మోచెయ్యి సాలు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే పిల్లను ఇస్తవా నాకు?"

షైని అత్తమ్మ చేతిని చూసింది. ఇన్నాళ్లూ తన చేతిని నమ్మక, తనకంటే గట్టిదనుకుని ఏ చేతిలో బిడ్డను పెట్టిందో, ఆ చేయి ఇది. మెట్టు మెట్టుకూ, పొద్దూ మాపూ.

"చర్చిల అందరు అంటరు," రాహేలు ముక్కు చీదింది. "రాహేలమ్మకు ఎంత భక్తి, ప్రభు బల్లల ద్రాక్షరసం తీసుకునేటప్పుడు గంత చిన్న పాత్రను రెండు చేతులతోని పడ్తది అని. ఒక్కచేత్తోని పడితే ఒలుకుతదే. గదీ నా భక్తి. నువ్వు నయం, నిజంగ వాక్యం సదువుతున్నవు."

"లేదత్తమ్మా." షైని తల వంచుకుంది. "సదువుతలేను. బొటనేలుకు బలం రావాలెనని పట్టుకుంటున్న. రవన్న జెప్పిండు ప్లేట్లు పట్టుమని. ఇంట్ల ప్లేట్లు లేకపాయె."

"మరి పెదవులు కదులుతుండె గదే?"

"లెక్కవెడుతున్న. ఎంతసేపు నిలుస్తదో అని."

రాహేలు కోడలి వాచిన వేలును చూసింది. ఆ తర్వాత ఆమె భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకుంది షైని. కాదు. "మీ మామ సూస్తే సమాధిల నుంచి లేసొస్తుండెనే! ఆయన బైబిల్‌తోని కసరత్తా!" నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. హెప్సి ఏడుపు ఆపి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

కింది నుంచి సుజిత్ బైబిలు పట్టుకుని పైకి వచ్చాడు. "ఆంటీ, గిది మీదేనా? మీదికెల్లి వడ్డది."

"మీది నుంచే వస్తది బిడ్డా అది, ఇటియ్యి" అంది రాహేలు. రెండు చేతులతో అందుకుంది.

ఆ సాయంత్రం వాళ్లు కూడికకు వెళ్లలేదు. పాస్టరమ్మకు రాహేలే ఫోను చేసి, కోడలికి నడుం పట్టిందని చెప్పింది. ఫోను పెట్టేసి షైనిని దగ్గరకు పిలిచింది. "నా చేతి సంగతి నువ్వు రవీందర్‌కు తప్ప ఎవ్వలకు చెప్పొద్దు, నీది నేను చెప్ప. జోయెల్‌కు చెప్తే నిన్ను మీ అమ్మగారింటికి, నన్ను మంచానికి పంపుతడు. ఎస్తేరుకు అసలే చెప్పొద్దు, అది ఒట్టిమనిషి గూడ గాదు." ఎస్తేరు జోయెల్ చెల్లెలు. నాగారంలో అత్తారిల్లు. అప్పుడు ఆమెకు నెలలు. "ఒట్లు పెట్టుకునుడు మన విశ్వాసంల లేదు. మాటియ్యి."

"ఇచ్చిన" అంది షైని.

తర్వాతి రోజులు విచిత్రంగా గడిచాయి. జోయెల్ ఉంటే పిల్లను అతనే దించేవాడు. అతను లేనప్పుడు రవీందర్ పైకి వచ్చి, "ఏదీ మా మేనకోడలు" అంటూ తీసుకెళ్లేవాడు. అత్తాకోడళ్లు బియ్యం బకెట్‌కు రెండువైపులా కూర్చుని చేతులు ముంచేవాళ్లు. షైని వాపు తగ్గాక రవీందర్ మళ్లీ ప్లేట్లు ఇచ్చాడు. రెండో రోజు కూడా వాటి కోసం వెళ్లబోతుంటే రాహేలు కొంగు పట్టి ఆపింది.

"ఇయ్యాల విశ్రాంతి దినం."

"ఇయ్యాల మంగళారం అత్తమ్మా."

"నీ బొటనేలుకు ఆదివారమే. లోకాన్ని జేసిన దేవుడే పని ఆపి ఒక దినం ఊపిరి తీసుకున్నడు. నీకేందే గంత తొందర?"

రవీందర్ ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఆ మాటతో ఎక్కింది. షైని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నేర్చుకుంది. కూర్చున్నా లోపల ఏదో గిలగిలలాడేది. కాలి వేళ్లు నేలను గీరుతూనే ఉండేవి. అయినా కూర్చుంది.

ఒక ఉదయం, జిమ్ ఖాళీ అయ్యాక, చేతికి సుద్దపొడి రాసుకుని పట్వారీ పిడి మీద చేయి వేసింది. వేళ్లు ఒకపక్క, బొటనవేలు ఇంకోపక్క. నొక్కింది. పట్వారీ దొర్లబోయాడు. వేలు అడ్డం నిలిచింది. కాళ్లతో లేచింది. పట్వారీ నేల విడిచాడు. మోకాలి దాకా వచ్చాడు. మెల్లగా, చప్పుడు లేకుండా కింద పెట్టింది.

రవీందర్ చప్పట్లు కొట్టబోయి, షైని ముఖం చూసి ఆగాడు. ఆమె అప్పటికే చేతులు కడుక్కుంటోంది. పైకి వెళ్లింది. హెప్సిని రెండు చేతులతో ఎత్తుకుని, గోడవైపు నుంచి, ఒక్కో మెట్టూ దిగింది. కింద బండి తుడుస్తున్న జోయెల్ తలెత్తి, "నడుం తగ్గిందానే?" అన్నాడు.

"తగ్గింది" అంది షైని.

తన చేతి సంగతి తేలింది. భయం మాత్రం తగ్గలేదు. అది ఇల్లు మారింది.

ఎస్తేరుకు మొన్ననే కొడుకు పుట్టాడు. రాహేలు బట్టల సంచి సర్దుకుని నాగారం వెళ్లింది. కాన్పు అయిన కూతురికి తల్లి కాక ఇంకెవరు చేస్తారు? షైని కూడా వెంట వెళ్లేదే. ఆ పొద్దునే హెప్సికి ఒళ్లంతా పొక్కులు లేచాయి. చికెన్‌పాక్స్. పచ్చి బాలింత ఉన్న ఇంటి గడప తొక్కడానికి లేదు. జోయెల్‌కు చెబితే, "మా అమ్మకు పిల్లల్ని ఎత్తుడు నువ్వు నేర్పుతవా?" అంటాడు. ఆమె చేయి సంగతి చెబితే గాని అతనికి అర్థం కాదు. చెప్పడానికి మాట అడ్డం.

ఫోను చేస్తే ఎస్తేరు సంబరంగా చెబుతోంది. "అమ్మనే రోజు నీళ్లు పోస్తాంది వదినా. నన్ను ముట్టనిస్తలేదు. వాడు చేప లెక్క జారుతుండు నూనెకు!" షైని ఫోను చెవికి ఆనించుకుని గది ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తుంది. "అత్తమ్మకియ్యి" అంటుంది. "అత్తమ్మా, నూనె చేతులతోని ఎత్తకు. ఎస్తేరునన్న ఎత్తుమను." అటునుంచి ఒకటే జవాబు. "మంచిగున్న బిడ్డా, మస్తు బలమొచ్చింది. హెప్సికి వేపాకు పక్కన పెట్టు. ఉంట." ఆమె చేయి ఇంకా ప్లేట్లే పట్టలేదు. బియ్యం బకెట్ దగ్గరే ఉంది. అది షైనికి తెలుసు, రవీందర్‌కు తెలుసు, ఇప్పుడు మీకూ తెలిసింది.

మాట ఇచ్చింది షైని. మీరు ఇవ్వలేదు. నాగారం వైపు ఉండేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, చర్చి వెనక వీధిలో ఎస్తేరు ఇల్లు ఎక్కడని అడగండి, చెబుతారు. పొద్దున నీళ్లు పోసే వేళకు వెళ్లండి. రాహేలు పసివాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఉన్నంతసేపూ భయం లేదు, కూర్చుని చూడండి. నీళ్లు పోయడం అయిపోయి, ఆమె వాణ్ని పైకి ఎత్తబోయేటప్పుడు మాత్రం, ముందుగా మీ చేతులు చాపండి. ఇవ్వనంటుంది. అయినా అక్కడే నిలబడి, ఆమె కుడిచేయి ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి.